పోతు కుండీలు

ఫిబ్రవరి 8

మామయ్యా,

అమ్మ పని పోయింది. ఎందుకు పోయిందో మీరు నాకు చెప్పలేదు, అమ్మ చెప్పడం లేదు. మీ నర్సరీలో పూసమొక్కల మొగ్గలు విచ్చడానికి ఇంకా ఎనిమిది వారాలే ఉన్నాయి. అవి విచ్చాక ఎవరు ఎంత మొత్తుకున్నా ఈ ఏడాదికి ఉపయోగం ఉండదు. అందుకే ఈ ఉత్తరం ఇవాళే రాయాల్సి వచ్చింది.

మొన్న శనివారం హాస్టల్ గేటు దగ్గరికి ఎవరో వచ్చారంటే వెళ్ళాను. అమ్మ. రేకు పెట్టె, దాని మీద మడిచిన దుప్పటి, ఒళ్ళో కొమ్మలు కత్తిరించే కత్తెర. చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళు కత్తెర తెచ్చుకోరు కదా. ఏమైందమ్మా అంటే, మామయ్య కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నాడు అంది. విశ్రాంతి అనే మాట అమ్మ నోట నేను పుట్టాక వినలేదు. ఆవిడకి జ్వరమొస్తే కూడా కుండీల పక్కన కూర్చుని వణుకుతుంది గానీ పడుకోదు.

అమ్మని దింపిన మీ లారీ డ్రైవరు టీ తాగుతూ అసలు సంగతి చెప్పాడు. ఈ చలికాలం మీ పూసమొక్కలకి ఒక్క పూస కూడా రాలేదట. అమ్మ ఎరువు ఎక్కువేసి పాడుచేసిందని మీరు నర్సరీలో అందరితో అన్నారట. నీళ్ళ ట్యాంకు పక్కన అమ్మ ఉండే గది తాళం ఎవరో కోటు వేసుకున్నాయనకి ఇచ్చేశారట. పదకొండేళ్ళు ఉన్న గది.

మామయ్యా, నేను చదువుతున్నది మొక్కల చదువే. ఎరువు ఎక్కువైతే ఆకు మాడుతుంది, వేరు కుళ్ళుతుంది. ఆకు నవనవలాడుతూ, పువ్వు కూడా పూసి, పూస మాత్రం రాకపోతే దానికి ఒకటే కారణం. ఈ మొక్కల్లో ఆడది వేరు, మగది వేరు. ఎర్ర పూసలు ఆడదానికే వస్తాయి. కానీ పక్కన మగ మొక్క పూసి, తేనెటీగ దాని పుప్పొడి మోసుకొస్తేనే వస్తాయి. మాకిది మొదటి ఏడాదిలోనే చెప్పేశారు. మీకు చెప్పక్కర్లేదు, పాతికేళ్ళుగా ఆ మొక్కలే అమ్ముతున్నారు. మరి మీ నర్సరీలో మగ మొక్కలు ఏమయ్యాయి? అవి ఉన్నాయో లేవో చూడకుండా అమ్మ మీదికి ఎరువు సంచీ ఎలా తోశారు?

అమ్మ ఇప్పుడు హాస్టల్ వెనక, బట్టలు ఉతికే చోటు పక్కన చిన్న గదిలో ఉంటోంది. వార్డెన్ దయ. పొద్దున లేచి ఏ పనీ లేక గది తలుపు బందులకి నూనె రాస్తోంది. చూడలేకపోతున్నాను.

జవాబు రాయండి. డ్రైవరు చేత చెప్పించకండి.

మీ మేనకోడలు

*

ఫిబ్రవరి 15

పంతులమ్మ గారికి,

మీరు, మీరు, మీరు. నాలుగో మీరు దగ్గర లెక్క మానేశాను. నా జేబులో పెన్నులు విరగ్గొట్టి, నా భుజం మీద నిద్రపోయి, మాటలొచ్చిన రోజు నుంచి నన్ను "నువ్వు" అన్న పిల్లవి. బ్యాంకు మేనేజరుకి అర్జీ పెట్టుకున్నట్టు రాస్తావా? దానికంటే నాలుగు తిట్టి ఉంటే హాయిగా ఉండేది. చదివి మీ అత్తయ్యకి ఇచ్చాను. ఆవిడ చదివి నీ వైపే చేరింది. నాతో మాటలు బంద్. ఉప్పు కావాలంటే గోడకి చెప్పుకోవాలి.

సరే, అడిగావు కాబట్టి విను. నేను బడి మొహం చూడలేదు. లారీల వెనక రాతలు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. కాబట్టి నా ఉత్తరంలో తప్పులు దిద్దకు.

ఆ హోటల్ వాళ్ళు ప్రతి చలికాలం వాకిలి పొడుగునా మన పూసమొక్కలే పెట్టుకుంటారని నీకు తెలుసు. మొన్న నవంబరులో, ఆకుల చాటున పూసలు ఉంటాయిలే అనుకుని, లారీ నింపుకుని నేనే వెళ్ళాను. మేనేజరు వచ్చి ఒక కుండీలో ఆకులు ఎత్తి చూశాడు. ఇంకో కుండీ చూశాడు. పచ్చటాకు మా దొడ్లోనే ఉందండీ, ఎర్ర పూసలేవి అన్నాడు. గేటు దాటనివ్వలేదు. అంత సరుకూ వెనక్కి తెచ్చాను. ఎప్పుడూ చెవులు చిల్లులు పడేలా పాటలు పెట్టే డ్రైవరు ఆ రోజు దారి పొడుగునా రేడియో ముట్టుకోలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

పూత అయ్యాక మగ మొక్కల వైపు చూసే పని ఉండదు. ఆ రోజు వచ్చి చూస్తే వాటి కుండీలు లేవు. నలభై ఉండాలి. కిందటి వసంతంలో నా కాలు విరిగి ఆరు వారాలు మంచంలో ఉన్నాను కదా, అప్పుడు నర్సరీ అంతా చూసింది మీ అమ్మే. అడిగాను. తీసేశాను అంది. ఎందుకు తీసేశావక్కా అంటే ఏమందో తెలుసా? "రాసి ఉంది కదా తమ్ముడూ" అంది.

అక్షరం ముక్క రాని మనిషి, రాసి ఉందని నా మొహం మీదే అంది. నన్ను పెంచిన మనిషి. తప్పు చేస్తే చేశానని చెప్తుంది, ఆవిడ దగ్గరే నేను అది నేర్చుకున్నాను. అబద్ధం మాత్రం ఎన్నడూ వినలేదు. ఆ రోజు విన్నాను. ఆ తర్వాత కళ్ళెదుట తిరుగుతుంటే నా వల్ల కాలేదు. జనవరిదాకా ఓర్చుకుని, విశ్రాంతి తీసుకోమన్నాను.

ఎరువు కథ నేను పుట్టించిందే. ఒప్పుకుంటాను. మా అక్క అబద్ధమాడిందని పదిమందికీ చెప్పుకోలేక అలా అన్నాను. పొరపాటు చేసిందంటే మర్యాద పోదు కదా అనుకున్నాను. దానికి నువ్వు నన్ను బోనులో నిలబెట్టావు.

వెళ్ళి మీ అమ్మనే అడుగు.

నీ దృష్టిలో ఇప్పుడు ఏమవుతానో తెలియని
మామయ్య

*

ఫిబ్రవరి 21

మామయ్యా,

అడిగాను. రెండు రోజులు పట్టింది. మొదటి రోజు నా జడ విప్పి మళ్ళీ వేసింది. రెండో రోజు బట్టలు ఆరేస్తూ, తీగ వైపు తిరిగి చెప్పింది.

అమ్మకి చదవడం వచ్చు. మీకు తెలియదు. నాకూ సగమే తెలుసు. రెండేళ్ళ కిందట వేసవి సెలవుల్లో విత్తనాల పొట్లాల వెనక అక్షరాలు రాసి నేర్పాను. గుణింతాలదాకా వచ్చాం. సెలవులైపోయాయి, నేను వచ్చేశాను. ఎంతవరకు వచ్చావమ్మా అని మళ్ళీ అడగలేదు, అది నా సిగ్గుమాలినతనం. అమ్మ మానలేదట. ఎరువు సంచుల మీద, బస్సుల నుదుటి మీద, కుండీల్లో గుచ్చిన ప్లాస్టిక్ చీటీల మీద ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వచ్చిందట. మీరు కూడా అలాగే నేర్చుకున్నారు కదా. మీ విషయంలో అది గొప్ప.

కిందటి వసంతంలో మీరు మంచంలో ఉన్నప్పుడు గాలికి నీడవల చిరిగింది. ఒక వరుస కుండీలకి ఎండ తగిలి ఆకు పసుపెక్కింది. ఏం జబ్బో అని చీటీ చూసిందట. "పోతు" అని ఉంది. చీటీ చిన్నది, మాట పట్టక సగంలో ఆపేశారు అనుకుంది. పోతున్నవి. చచ్చిపోతున్నవి అని. అమ్మ ఒక మాట పూర్తిగా తనంతట తాను చదివి, అర్థం చేసుకుని, దాని ప్రకారం పని చేయడం అదే మొదటిసారట. ఆ చీటీ ఉన్న కుండీలన్నీ ఏరి పక్కకి తీసేసింది.

తర్వాత మీరు అడిగారు. రాసి ఉంది కదా అంది. మీరేం చేశారో మీ ఉత్తరంలో రాయలేదు. నేను రాస్తాను. పక్క షెడ్డులో వాళ్ళకి వినబడేలా నవ్వారు. "నీకు రాసి ఉన్నట్టు కలొచ్చిందా అక్కా" అన్నారు. ఆ నవ్వు విని, నేనే తప్పు చదివానేమో, చదువొచ్చిందనుకోవడమే నా భ్రమేమో అనుకుని అమ్మ నోరు మూసుకుంది. ఆ రోజు నుంచి ఈ రోజుదాకా ఒక్క అక్షరం వైపు చూడలేదు. ఇక్కడ హాస్టల్ బోర్డు చదవమంటే తల తిప్పేసుకుంది. అమ్మది అబద్ధమని తీర్పు ఇచ్చేశారు. మూడు నెలలు దాన్ని మోసి, గది తాళం కూడా లాక్కున్నారు.

ఇప్పుడు నా ప్రశ్న ఒక్కటే. ఆ చీటీలు రాసిందెవరు? నేను ఆ వేసవిలో వచ్చినప్పుడు వాటన్నిటికీ చక్కగా "పురుష మొక్క" అని రాసి పెట్టాను, నాకు బాగా గుర్తుంది. అవి పీకేసి ఇవి గుచ్చింది మీ గుమాస్తానా? చదివేవాళ్ళకి అర్థమవుతుందో లేదో ఆలోచించకుండా రెండక్షరాలు గీకి పారేసిన ఆ తలతిక్క మనిషిని ఏ గదిలోంచి ఖాళీ చేయించారు? విశ్రాంతి తీసుకోమని ఎవరికి చెప్పారు?

మేనకోడలు

*

ఫిబ్రవరి 28

పంతులమ్మా,

కవరులో ఒక చీటీ పెట్టాను. పగలకుండా అట్టముక్క చుట్టాను. షెడ్డు మూల మట్టిలో దొరికింది, కడిగి పంపిస్తున్నాను.

ఆ "తు" చూడు. కొమ్ము చివర ఆ వంపు చూడు. నెమలి తోకలాగా అంత సోకు మా గుమాస్తాకి రాదు. ఆయన రాస్తే చీమ సిరాలో పడి నడిచినట్టుంటుంది. అంత సోకైన రాత మన వంశంలో ఒక్కరికే ఉంది, వాళ్ళు హాస్టల్లో కూర్చుని నాకు తీర్పులు రాస్తున్నారు.

నీకు గుర్తు లేకపోతే నేను చెప్తాను. నువ్వు మొదట ఓ ఎనిమిదో పదో "పురుష మొక్క" అని రాసిన మాట నిజమే. నేను చూసి, ఏమిటే ఇది, కుండీకి చీటీయా పెళ్ళి పత్రికా అన్నాను. అందరూ నవ్వారు. పూర్వం నుంచీ కాపు కాయని మగ బొప్పాయిని పోతు బొప్పాయి అంటాం, దీనికీ అదే రాయి అన్నాను. నువ్వు మూతి ముడుచుకుని ఆ పదీ చెరిపేసి, నలభైకీ "పోతు" అని గీకి, భోజనం చేయకుండా బస్సెక్కావు. కాబట్టి తలతిక్క మనిషి ఎవరో నువ్వే తేల్చుకో.

సరే. నవ్వు సంగతి. నవ్వాను. కోపం వస్తే నాకు నవ్వే ముందొస్తుంది, నా ముఖం అలా చేశాడు దేవుడు. మీ అమ్మ చదవడం నేర్చుకుందని నాకేం తెలుసు? నా దగ్గర ఎందుకు దాచింది? రోజూ పొద్దున కలిసి టీ తాగే మనుషులం. నువ్వు రాసింది చదివి పని పక్కన పడేశాను. ఆ చీటీ వెతకడానికి వెళ్ళింది అప్పుడే. నీ రాత చూశాక మళ్ళీ ప్రాణం వచ్చింది అనుకో.

అబద్ధం చెప్పలేదని తేలింది కాబట్టి ఆవిడ తిరిగి రావచ్చు. పూసమొక్కలు మాత్రం కొత్తగా పెట్టుకున్న ఆ కోటాయనకి అప్పగించేశాను, మాట వెనక్కి తీసుకోలేను. గది కూడా ఆయనదే. అక్కకి మట్టి కలిపే షెడ్డులో పని ఉంటుంది. నీడ పట్టున కూర్చుని చేసే పని. షెడ్డు వెనక అర గది ఖాళీ చేయిస్తాను.

ఇంతకంటే ఏం చేయమంటావు?

చీటీ దొరికిన సంతోషంలో
మామయ్య

*

మార్చి 7

మామయ్యా,

ఆ రాత నాదే. చూడగానే తెలిసింది. ఆ నవ్వులకి ఒళ్ళు మండి, ఏం రాస్తున్నానో చూడకుండా రాసిన రాత. ఎంత మండిందంటే, రాసిన సంగతే మనసులోంచి తుడిచేసుకుని మొదటి పది చీటీలు మాత్రమే గుర్తుంచుకున్నాను. మీ గుమాస్తాకి నా క్షమాపణ చెప్పండి. చెప్పు. ఇక "మీరు" అనే ముఖం నాకు లేదు, నువ్వనే రాస్తాను. కానీ సంబరపడకు, కోపం తగ్గి కాదు.

చీటీ తీసుకుని అమ్మ గదికి వెళ్ళాను. నేనే రాశానమ్మా, నా వల్లే నీకు ఇంత జరిగింది అని చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. చీటీ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి రెండక్షరాలూ చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"పోతు అనే ఉంది. నేను చదివింది తప్పు కాదు" అంది.

అంతే. ఇంకేమీ పట్టలేదు ఆవిడకి. నా పొరపాటూ, నీ నవ్వూ, హోటల్ వాడి గేటూ, ఏదీ. మధ్యాహ్నం నేను క్లాసు నుంచి వచ్చేసరికి హాస్టల్ బోర్డు కింద నిలబడి ఉంది. భోజనశాల అనే అంత పెద్ద మాటలో ఏ అక్షరం దగ్గర ఆగిపోయిందో నాకు చూపించింది.

ఇప్పుడు నీ సంగతి. నేను ఆ మాట రాయడం నా తప్పు. కానీ అమ్మకి ఆ మాటకి అర్థం ఎందుకు తెలియదు? పదకొండేళ్ళు ఆ మొక్కలకి కత్తిరింపు చేసింది, మట్టి మార్చింది, కొమ్మ ముక్కలు నాటి కొత్తవి చేసింది. వాటిలో ఆడ మగ ఉన్నాయని ఆవిడకి తెలియదు. నిన్న నేను చెప్తే తెలిసింది. మీ నర్సరీలో అందరికీ మగవి "పూల కుండీలు", ఆడవి "పూస కుండీలు". అంతే. ప్రతి వసంతం నువ్వొక్కడివే వెళ్ళి ఆరు పూస కుండీల మధ్య ఒక పూల కుండీ పెట్టేవాడివట. ఎందుకు తమ్ముడూ అని అమ్మ అడిగితే అందం కోసం అన్నావట. ఒకసారి కాదట, మూడుసార్లు అడిగిందట.

పనివాళ్ళు గుట్టు తెలుసుకుని పక్క నర్సరీకి పోతారని నీ భయం, నాకు తెలుసు, నువ్వే ఓసారి నాతో గొప్పగా చెప్పావు. కానీ అమ్మ ఎక్కడికి పోతుంది? నీ అక్క. నిన్ను చంకనేసుకుని తిరిగి నడుం వంకర చేసుకున్న మనిషి. ఆవిడని కూడా పక్క నర్సరీ మనుషుల్లో కలిపేశావు. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే, చీటీ మీద నేను ఏ పిచ్చి రాత రాసినా అమ్మ ఆ కుండీలు ముట్టుకునేది కాదు. కాలు విరిగి మంచంలో ఉండి, నర్సరీ అంతా ఆవిడ చేతిలో పెట్టి, ఆ గుట్టు మాత్రం దిండు కింద దాచుకున్నావు.

మట్టి కలిపే షెడ్డు అవసరం లేదు. నీడ పట్టు మాకు ఇక్కడా ఉంది.

ఇంకొక విషయం. అమ్మ ఆ నలభై కుండీలనీ పారేయలేదు. పోతున్నవని రాసి ఉన్నా చాలావరకు పచ్చగానే ఉన్నాయి పాపం అని ఒకళ్ళకి పెంచుకోమని ఇచ్చింది. బతికే ఉన్నాయి. ఎక్కడున్నాయో నాకు తెలుసు. అమ్మ నీకు వెంటనే రాసేయమంది. నేను రాయడం లేదు. ఇది నా ఒక్కదాని పంతం. పూసమొక్కల పని, ఆ గది అమ్మకి తిరిగి ఇస్తానని రాసిన రోజు చెప్తాను.

నీ మేనకోడలు

*

మార్చి 16

బెదిరింపులా? మంచిది. మామయ్యని బెదిరించే చదువు కూడా చెప్తున్నారన్నమాట.

నీ పంతం నీ దగ్గరే ఉంచుకో. మగ మొక్కలకి నువ్వే దిక్కా? కోటాయన పది కుండీలు తెప్పించాడు. అవి నిన్ననే పూసేసి రాలిపోయాయి. మనవి ఇంకా మొగ్గ మీదే ఉన్నాయి. వేరే రకమట. ఆయన కాగితాలు తిరగేస్తున్నాడు. మూడు రోజులుగా తిరగేస్తున్నాడు. మొక్క వైపు చూడమంటే కాగితం వైపు చూస్తాడు.

గుట్టు గురించి రాశావు. నాకు ఆ గుట్టు చెప్పినాయన ఆరేళ్ళు చాకిరీ చేయించుకుని చెప్పాడు. ఎవరికీ చెప్పకు అన్నాడు. ఎవరికీ అంటే అక్కకి కూడానా అని నేను అడగలేదు. అక్క ఎవరికీలోకి వస్తుందా రాదా అని ఎప్పుడూ ఆలోచించలేదు. అంతే. దాన్ని నువ్వు పెద్ద కుట్ర చేశావు.

నీడవల మళ్ళీ చిరిగింది. కిందటిసారి మీ అమ్మ ఏదో దారంతో కుట్టింది, అది ఏడాది ఆగింది. ఆ దారం ఏదో అడిగి రాయి. మూడో వరుసలో ఆకు కింద తెల్లగా బూజులాంటిది పట్టింది, ఆవిడ దేంతోనో తుడిచేది, అది కూడా అడుగు. మీ అత్తయ్య ఇంకా మాట్లాడటం లేదు.

అక్కని రమ్మన్నానని చెప్పు. పూసమొక్కలే చూసుకోవచ్చని చెప్పు. గది సంగతి కోటాయనతో మాట్లాడతాను. చాలా?

మామయ్య

*

మార్చి 23

మామయ్యా,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. దారం, బూజు అన్న చోట అమ్మ లేచి నిలబడింది. నువ్వు రమ్మన్న చోట మళ్ళీ కూర్చుంది.

ఎందుకు కూర్చున్నావమ్మా, వెళ్దామనుకున్నావు కదా, రమ్మంటున్నాడు కదా అన్నాను. "నిన్ను చెప్పమన్నాడు. నాకు చెప్పలేదు" అంది.

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత నీ ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని చూశాను. వెళ్ళి మీ అమ్మనే అడుగు. అక్కకి చెప్పు. అడిగి రాయి. ఒక్క ఉత్తరంలో ఒక్క మాట ఆవిడతో లేదు. నా ఉత్తరాలు కూడా చూసుకుంటే సిగ్గేసింది. అమ్మకి ఏం కావాలో నేనే తేల్చేసి, గది అన్నాను, పని అన్నాను, నీతో బేరం పెట్టాను. ఆవిడని ఒక్కసారి కూడా అడగలేదు. మనిద్దరం ఆవిడ తల మీదుగా రాళ్ళు విసురుకుంటున్నాం.

అందుకని నా పంతం ఇక్కడితో వదిలేస్తున్నాను. అమ్మ చెప్పమన్న మొదటి రోజే చెప్పాల్సింది. ఆ నలభై కుండీలూ మీ ఊరి ఆసుపత్రి తోటమాలి దగ్గర ఉన్నాయి. తోపుడు బండి మీద మూడుసార్లు తిరిగి తీసుకెళ్ళాడట. ఆసుపత్రి వెనక గోడ పొడుగునా పెట్టాడు. నువ్వు కాలి కట్టు విప్పించుకోవడానికి వెళ్ళినప్పుడు కూర్చున్న బల్ల వెనకే. అమ్మ పంపిందని చెప్తే ఇస్తాడు, లేదా పూత అయ్యేదాకా అరువిస్తాడు. మర్యాదగా అడుగు, ఆయన వాటిని ఏడాదిగా చూసుకున్నాడు. మనవి విచ్చేలోపు తెచ్చుకో. ఆరింటి మధ్య ఒకటి పెట్టడం నీకు నేర్పక్కర్లేదు. కానీ ఈసారి పెట్టేటప్పుడు షెడ్డులో వాళ్ళందరినీ పిలిచి ఎందుకో చెప్పు. దానికి నువ్వేమీ తరిగిపోవు.

దారం చేపల వలలు అల్లేది. బూజు సబ్బునీళ్ళలో ముంచిన గుడ్డతో, ఆకు అడుగున మాత్రమే. ఇవి రెండూ అమ్మ చెప్పింది. మొక్కలు ఏం పాపం చేశాయి అంది.

ఇక నా చేతిలో బేరానికి ఏమీ లేదు. అన్నీ ఇచ్చేశాను. కోపం మాత్రం అలాగే ఉంది, రోజూ పొద్దున లేవగానే ఉంటోంది, నీ మీదా, ఆ నెమలి తోక రాత మీదా. అది పోవడానికి ఎంతకాలం పడుతుందో తెలియదు కాబట్టి దాని కోసం ఆగకు.

ఇక్కడ హాస్టల్ వంటశాలలో ఒక మనిషి కావాలట. వార్డెన్ అమ్మని అడిగింది. ఏప్రిల్ మూడున జవాబు చెప్పాలి. అమ్మ అవునంటే గది కూడా ఇస్తారు, నేను రోజూ చూసుకోవచ్చు. నాకు అది సుఖమే. కానీ ఆవిడ కత్తెర ఇంకా పెట్టెలో పెట్టలేదు. వంటశాలలో దాంతో పని లేదు.

అమ్మకి ఉత్తరం రాయి. నాకు వద్దు. కవరు మీద ఆవిడ పేరే ఉండాలి, పక్కన నా పేరు కూడా వద్దు. రావే అక్కా అంటావో, తప్పయింది అంటావో, ఏమంటావో నీ ఇష్టం, నేను చెప్పను, చదవను కూడా. ఆవిడే చదువుకుంటుంది. నీ రాత కలిపి రాసేస్తావు, అది ఆవిడకి కష్టం. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం పెట్టు. ఒత్తులు తక్కువున్న మాటలు వాడు, ఒత్తుల దగ్గర ఇంకా తడబడుతోంది. ఒక పేజీ చాలు. అంతకంటే ఎక్కువైతే చదవడం పూర్తయ్యేసరికి వారం అవుతుంది, అంత సమయం లేదు.

ఏప్రిల్ రెండో తేదీ సాయంత్రంలోపు ఆవిడ చేతికి అందేలా వెయ్యి.

నీ మేనకోడలు